మా ఊరి కాయ, భిలాయి ఆవకాయ

ముందుగా నిశ్చయమైనవాటిని, విన్నవాటిని వేరుచేయడం మంచిది. విజయనగరం మార్కెట్ యార్డులో ఒక చిన్న గూడ్సు వ్యానులోకి రెండువేల రెండువందల పుల్లమామిడికాయలు ఎక్కడం నా కళ్ళతో చూశాను. ఆ వ్యాను భిలాయి సెక్టర్ 6లో మా అక్క క్వార్టర్ ముందు ఆగినప్పుడూ అక్కడే ఉన్నాను. అది రావలసిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఇంతవరకు నిశ్చయం. ఎందుకు ఆలస్యమైందన్నది మాత్రం విన్నదే. ఘాట్ రోడ్డులో ముందున్న లారీ బోల్తా పడిందని డ్రైవరు చెప్పాడు. రోడ్డు పనులని కమీషన్ ఏజెంటు అన్నాడు. కాగితాలు సరిగా లేక ఆపేశారని ఒకరు, డ్రైవరు దారిలో చుట్టాల పెళ్ళికి దిగాడని మరొకరు. ఈ నాలుగూ ఒకేసారి నిజం కావడం కష్టం. నాలుగూ అబద్ధం కావడం సాధ్యమే.

విన్నవాటి జాబితాలో ఇంకొక మాట చాలా ఏళ్ళుగా ఉండిపోయింది. "మీ ఊరి కాయ మీకన్నా మాకే బాగా దొరుకుతాది" అని మా అక్క ప్రతి వేసవిలో ఫోన్లో అనేది. నేను నమ్మేదాన్ని కాదు. రుజువు లేనిదేదీ నమ్మకపోవడం నా చదువు నేర్పిన అలవాటు. అది నిజమే అయితే భరించడం కష్టమన్నది రెండో కారణం. ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆ మాట తేల్చుకోవడానికే.

విజయనగరం: యార్డులో మూడు రాశులు

నేను విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. సరోజక్క మా పెద్దమ్మ కూతురు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. బావగారు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. ఆయన కూడా రిటైరై, సెక్టర్ 6లో క్వార్టర్ లీజుకు తీసుకుని అక్కడే స్థిరపడ్డారు.

సెక్టర్ 6, సెక్టర్ 2, రుఆబాంధాలలో ఉన్న ఇరవై రెండు తెలుగు కుటుంబాలకు ఒక అలవాటుంది. ఏటా వేసవిలో ఆవకాయకు కావలసిన కాయలను అందరూ కలిసి ఒకే లోడుగా మా ఊరి నుంచి తెప్పించుకుంటారు. ఇంటికి వంద. కాయలు దిగిన రోజు అందరూ ఒకచోట చేరి ముక్కలు కొట్టుకుంటారు. తరువాత ఎవరి ఇంట్లో వారు, ఎవరి కొలతతో వారు కలుపుకుంటారు. ఎన్నో ఏళ్ళు ఈ పనంతా ఒక పెద్దాయన చూసేవారు. ఆయన పుణె వెళ్ళిపోవడంతో ఈసారి మొదటిసారిగా అక్క ఆ బాధ్యత నెత్తికెత్తుకుంది. ఇరవై రెండిళ్ళలో సగం మంది అప్పటికే సీసాలు కొనుక్కుంటే పోలేదా అంటున్నారు. ఈ లోడు చెడితే వచ్చే ఏడాది లోడే ఉండదు. ఆ సంగతి అక్క నాతో నవ్వుతూనే చెప్పింది, కాని రెండుసార్లు చెప్పింది.

బయలుదేరే రోజు పొద్దున్న, లోడు కట్టడం చూద్దామని యార్డుకు వెళ్ళాను. కాయలు మూడు రాశులుగా పోసి ఉన్నాయి. మొదటి రాశిలో టెంక గట్టిపడిన, మచ్చలేని, ఒకే పరిమాణంలో ఉన్న కాయలు. అవి రాయపూర్, నాగపూర్ వైపు పోతాయి. రెండో రాశి హైదరాబాదుకు. మూడో రాశిలో సగం కాయలకు టెంక పట్టలేదు, మిగతా సగానికి దెబ్బలు. అవి మా రైతుబజారుకు. నేను ఏటా పది దుకాణాలు తిరిగి, ఒక్కొక్క కాయా నొక్కి చూసి, బేరమాడి కొనేది ఆ మూడో రాశిలోంచన్నమాట.

మొదటి రాశిలోంచి ఒక కాయ చేతిలోకి తీసుకుని, ఇవి నాకు అమ్ముతారా అని కలాసీ మేస్త్రి అప్పన్నని అడిగాను.

"అది పైవూరి సరుకమ్మా. ఆళ్ళు ఒక్క మాట మీద లోడంతా తీసేసుకుంటారు. మీరు పాతిక కాయలకి పూటంతా నిలబెడతారు," అన్నాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అక్క మాట నిజమని ఊరు దాటకుండానే తేలిపోయింది. తేలినందుకు తృప్తి కలగాలి. కలిగింది మాత్రం కడుపుమంట.

ఆ మంటతో ఉండగానే వ్యాను కట్టడం చూశాను. మామూలుగా కాయల బళ్ళకు పక్కలు వదిలి పైన మాత్రం పట్టా కడతారు. ఈ వ్యానులో అడుగునా, పక్కలా గడ్డి దట్టంగా కూరి, రెండు టార్పాలిన్లు నాలుగు వైపులా బిగించి కడుతున్నారు. ఎందుకని అడిగితే అప్పన్న తల కొట్టుకున్నాడు.

"భిలాయి బాబుగారి ఆర్డరమ్మా. బైట వేడి లోపలికి దూరకూడదట. కాయకి గాలాడాలండీ అంటే ఆయన ఇంటంలేదు. ఇలా సుట్టేస్తే ఉడికిపోద్ది. మీరు సదువుకున్నోరు, మీరైనా సెప్పండి."

కోసిన కాయ బతికే ఉంటుంది. ఊపిరి తీస్తుంది, ఆ ఊపిరితో వేడిని, కాయను పండించే వాయువును బయటికి వదులుతుంది. గాలాడకుండా మూస్తే ఆ రెండూ లోపలే పోగై, పచ్చికాయ తొందరగా మెత్తబడుతుంది. ఈ పాఠం నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. అప్పన్న సరిగానే చెప్పాడు, బావగారిది పొరపాటు. ఫోను నా చేతిలోనే ఉంది.

"ఆయన ఇంజనీరు. ఆయనకు తెలుసు," అన్నాను.

ఒకటిన్నర రోజులో చేరిపోతే పెద్దగా నష్టం ఉండదని మనసులో లెక్క వేసుకున్నాను. ఆలస్యమైతే ఏమవుతుందన్న లెక్క వేయలేదు.

రైల్లో: సీట్ల కింద తోట

మామూలుగా రైలు బోగీల్లో సీట్ల కింద పెట్టెలుంటాయి. మా బోగీలో సంచులున్నాయి. తడిగుడ్డలో చుట్టిన గోంగూర, వార్తాపత్రికలో కరివేపాకు, కిటికీ కడ్డీలకు కట్టిన ములక్కాడలు. పార్వతీపురంలో ఎక్కిన ఒకావిడ కూతురి పురిటికి భిలాయి వెళుతోంది. తన బట్టలు చిన్న సంచిలో, గోంగూర పెద్ద సంచిలో సర్దుకుంది.

"అక్కడ గోంగూర దొరకదా?" అని అడిగాను.

"దొరుకుతాది. పులుపుండదు."

"రెండూ పక్కపక్కన పెట్టి రుచి చూశారా?"

ఆవిడ నన్ను జాలిగా చూసి, పిల్లలున్నారా అని అడిగింది.

రాయగడలో వేడి వడలు కొనుక్కున్నాం. అక్కడి నుంచి టిట్లాగఢ్ దాటేవరకు ఎండ బోగీని కాల్చింది. గోంగూరావిడ ప్రతి రెండు గంటలకూ తన మంచినీళ్ళ సీసాలోంచి కొంత తాగి, కొంత ఆకు మీద చల్లింది. సంచి మూతి విప్పి, కాసేపు గాలి తగలనిచ్చి, మళ్ళీ కట్టేది. ఎవరు నేర్పారని అడిగితే, "నేర్పడానికేటున్నాది? ఊపిరాడాల కదా," అంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సెక్టర్ 6: రాని బండి

అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. "వచ్చీసినావా? చిక్కిపోయేవే," అంది. నేను చిక్కలేదు, గత ఏడాదికన్నా రెండు కిలోలు పెరిగాను. ఆ మాట చెబితే, "పోనీలే, చిక్కిపోయినట్టు కనిపిస్తన్నావు, అదీ మంచిదే," అంది.

ఆ ఇంటి చుట్టూ నాలుగు వైపులా ఖాళీ స్థలముంది. వెనకాల కరివేప చెట్టు, నిమ్మచెట్టు, అరటి పిలకలు. ముందు వీధి పొడవునా తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. మా అపార్టుమెంటు బాల్కనీలో నేను మూడేళ్ళుగా ఒక కరివేప మొక్కను బతికించడానికి అవస్థపడుతున్నాను. అక్కడి మట్టి ఆమ్లగుణం గురించి అక్కను ప్రశ్నలడిగాను. ఆమెకు తెలియదట. ఏమీ వేయదట. అదే పెరిగిందట.

వ్యాను మరునాడు పొద్దున్నకు రావాలి. రాలేదు. డ్రైవరు ఫోను మోగి మోగి ఆగిపోతోంది. మధ్యాహ్నానికి యార్డులో ఏజెంటు ఫోనెత్తి, ఘాట్ దగ్గర ఆగిందని చెప్పాడు. బావగారు మాత్రం ధైర్యంగా ఉన్నారు.

"లోపలికి వేడి పోదు. డబుల్ టార్పాలిన్, చుట్టూ గడ్డి. పర్ఫెక్ట్ ఇన్సులేషన్. సోకింగ్ పిట్‌లో ఇంగట్టు ఎలా పెడతామో అలా పెట్టించాను," అన్నారు. ఇంగట్టంటే పోతపోసిన ఉక్కు దిమ్మ. దాన్ని రోలింగుకు ముందు వేడి పోకుండా మూసి ఉంచే గొయ్యి సోకింగ్ పిట్. బావగారి ఉద్యోగమంతా ఆ గోతుల దగ్గరే గడిచింది. వేడి పోకుండా ఆపగలిగినవాడు వేడి రాకుండా కూడా ఆపగలడని ఆయన తర్కం. ఇనుముకు అది సరిపోతుంది.

నేను మజ్జిగ తాగాను. అప్పటికైనా నోరు తెరవవచ్చు. తెరిచి ప్రయోజనం లేదని నాకు నేను చెప్పుకున్నాను. డ్రైవరు ఫోనెత్తడం లేదు కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది.

మార్కెట్టులో: చలికాలం టమాటా, వేసవి టమాటా

సాయంత్రం సెక్టర్ 6 మార్కెట్టుకు వెళ్ళాం. అక్క ఇరవై ఏళ్ళుగా కూరలు కొనేది సుఖ్‌బతి అనే ఆవిడ దగ్గర. దుర్గ్ అవతలి పల్లె ఆమెది. టమాటా ధర అడిగితే కిలో నలభై అంది. మా ఊళ్ళోనూ ఆ వారం అంతే. చుట్టూ టమాటా పండే జిల్లాలో ఇదేమిటని అక్క చేత అడిగించాను.

"అభీ బాహిర్ లే ఆథే, దీదీ," అంది సుఖ్‌బతి. ఇప్పుడివి బయటి రాష్ట్రం నుంచి వస్తున్నాయట. ఆమె మరిది చలికాలంలో టమాటా పండించాడట. ఊరంతటికీ ఒకే వారం కాపు వచ్చిందట. మండీలో ఇస్తామన్న ధర కోత కూలికి కూడా రాకపోతే పశువులకు వదిలేశారట. దాచుకునే శీతల గిడ్డంగి ఉందిగానీ అది పెద్ద వ్యాపారుల సరుకుతో ముందే నిండిపోతుందట. ఈ పేరాలో 'అట' ఉన్నవన్నీ ఆవిడ చెప్పినవే, నేను చూడలేదు. కిలోకు నలభై ఇచ్చింది మాత్రం నేనే.

"చలికాలంలో మేం సంచులతో కొనీసి సాస్ చేసీవాళ్ళం. బలే చవక," అంది అక్క.

ఆ చవకకు నేను కుళ్ళుకోబోయి ఆగాను. ఎవరో పశువులకు వదిలేసిన పంటలో మిగిలినది అక్క వంటింట్లోకి వచ్చింది. ఇప్పుడు అదే అక్క, అదే సుఖ్‌బతి, వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన కాయకు డీజిలుతో సహా ధర కడుతున్నారు. పండినచోట ఉండడం వల్ల కొనేవారికి ఒరిగేదేమీ లేదన్న సంగతి నాకు యార్డులోనే తెలిసింది. ఇక్కడ దానికి రెండో సాక్ష్యం దొరికింది.

రుఆబాంధా, సెక్టర్ 2: సంజాయిషీ

రెండో రోజు కూడా బండి రాలేదు. ఫోన్లో చెబితే బాగుండదని, అక్క నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఇంటింటికీ బయలుదేరింది. నేనైతే ఒక మెసేజీ పెట్టి ఊరుకునేదాన్ని. రుఆబాంధాలో స్వాతి అనే అమ్మాయి ఉంది. భిలాయిలోనే పుట్టింది, తెలుగుకన్నా హిందీ బాగా వచ్చు.

"ఆంటీ, టెన్షన్ మత్ లో. యాప్‌లో బాటిల్ ఆర్డర్ పెడితే పది మినిట్లలో వచ్చేస్తది. మమ్మీజీకి ఫరక్ తెలీదు," అంది.

"మీ అత్తకి తెలీకపోతే నీకు తెలీదేటే?"

"నాకూ తెలీదు ఆంటీ. సచ్చీ."

అక్క నవ్వింది. ఆటోలో కూర్చున్నాక నవ్వలేదు.

సెక్టర్ 2లో గ్రేస్ గారింటికి వెళ్ళాం. ఆవిడ విశాఖపట్నం మనిషి. భర్త భిలాయి పక్కనే ఉన్న చరోదాలో రైల్వే ఉద్యోగం చేసేవారు, కొడుకు ఇప్పుడు ప్లాంటులో ఉన్నాడు. టీ ఇచ్చి, కేకు పెట్టి, లోడు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా అక్క మోకాలి నొప్పి గురించి మాట్లాడింది. బయలుదేరేటప్పుడు మాత్రం అక్క భుజం మీద చెయ్యేసి, "సరోజా, బండి వచ్చిన టైముకి ఫోన్ చెయ్యి. రాత్రైనా, పగలైనా. నా కత్తి నేనే తెచ్చుకుంటాను," అంది.

మా అపార్టుమెంటులో ఎదురింటివారి పేరు నాకు తెలుసు. వారి మోకాళ్ళ సంగతి తెలియదు. తిరుగు ఆటోలో నేను అక్కతో అవసరం లేని ఒక తగువు పెట్టుకున్నాను, కేకులో నిమ్మతొక్క ఉందా, నారింజతొక్క ఉందా అని.

బండి వచ్చింది

మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి వ్యాను వీధి మలుపు తిరిగింది. డ్రైవరు దిగుతూనే, "నానేటి సేస్తానమ్మా, రెండు రోజులు కదల్లేదు," అన్నాడు. టార్పాలిన్ తాళ్ళు బావగారే విప్పారు.

పచ్చి పుల్లమామిడి వాసన ఘాటుగా, ముక్కులో గుచ్చుకునేలా ఉంటుంది. ఆ వ్యానులోంచి తీపి వాసన వచ్చింది. అక్క ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కింది, ఇంకొకటి నొక్కింది, మూడోది నొక్కకుండానే పక్కన పెట్టింది.

బావగారు ఇంట్లోకి వెళ్ళి తన పాత డయల్ థర్మామీటరు తెచ్చి గడ్డి మధ్యలో గుచ్చారు. కాసేపు చూశారు. బయట పెట్టి చూశారు. మళ్ళీ లోపల గుచ్చారు.

"లోపలే ఎక్కువుంది. వేడి బైట నుంచి కదా రావాలి," అన్నారు.

"కాయలు ఊపిరి తీస్తాయి బావగారూ. ఆ వేడి వాటిదే," అన్నాను.

ఆయన థర్మామీటరు తుడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇంగట్టు ఊపిరి తీయదు కదమ్మా. ముప్పై అయిదేళ్ళూ నేను ఊపిరి తీయనివాటితోనే పని చేశాను," అన్నారు.

అక్క నా వైపు తిరిగింది. "లోడు కడతన్నప్పుడు నువ్వు యార్డులో ఉన్నావు కదూ?"

"ఉన్నాను."

"ఇది నీకు తెల్సా?"

"తెలుసు. అప్పన్న కూడా చెప్పాడు."

"మరి చెప్పలేదేటే?"

"ఇంత ఆలస్యమవుతుందని ఖచ్చితంగా తెలియదు."

అది అబద్ధం కాదు. ఆమె అడిగినదానికి జవాబూ కాదు. అక్క చేతిలోని కాయను చీరచెంగుతో తుడిచి బుట్టలో వేసింది.

"నీకు ఖచ్చితంగా ఎప్పుడు తెల్సింది గనక. రా, కాయలేరు."

బొటనవేలు, అయోడిన్

ఏరడమంటే సులభం కాదు. పైన ఆకుపచ్చగా ఉన్న కాయ లోపల టెంక దగ్గర పసుపు తిరిగి ఉండవచ్చు. అలాంటి ముక్క ఆవకాయలో వేస్తే వానలకు మెత్తబడి, జాడీ మొత్తాన్ని పాడుచేస్తుంది. నేను మార్కెట్టుకు పరుగెత్తి టింక్చర్ అయోడిన్ అడిగాను. మందుల దుకాణం అబ్బాయి, "చోట్ కహా లగీ, ఆంటీజీ?" అన్నాడు, దెబ్బ ఎక్కడ తగిలిందని.

"ఆమ్ కో," అన్నాను. మామిడికాయకని చెప్పగానే అతను ఇంకేమీ అడగకుండా సీసా ఇచ్చేశాడు.

పచ్చికాయలో పిండిపదార్థం ఉంటుంది. అయోడిన్ చుక్క తగిలితే నల్లనీలంగా మారుతుంది. పండడం మొదలైతే ఆ పిండి చక్కెరవుతుంది, చుక్క గోధుమరంగులోనే ఉండిపోతుంది. ఇరవై కాయలు తీసి, ముందు అక్కను నొక్కి చెప్పమని, తరువాత కోసి చుక్క వేసి చూశాను. పంతొమ్మిదింటిలో ఇద్దరికీ ఒకే ఫలితం. ఇరవయ్యో కాయ అక్క వద్దంది, అయోడిన్ బాగుందంది. టెంక పక్కన ఇంకొక ముక్క కోసి చూస్తే అక్కడ రంగు మారలేదు. ఆ ఒక్కటీ ఆవిడదే ఒప్పు.

నేను సీసా మూత బిగించాను. అటు తరువాత అక్క ఏరింది, నేను బుట్టలు మోశాను.

మోస్తూ మోస్తూ ఒకసారి ఆమె పక్కన ఆగి, "ఖచ్చితంగా తెలియక కాదు. ఓర్వలేక చెప్పలేదు. మొదటి రాశి చూశాక నోరు రాలేదు," అన్నాను.

ఆమె కాయ నొక్కుతూనే ఉంది. "తెల్సులే. నా జడ పొడుగని చిన్నప్పుడు కత్తిరించీసిందానివి."

"అంగుళమే."

"రెండంగుళాలు. నీకు కొలతలు బాగా తెల్సు కదా, చెప్పు మరి."

రెండంగుళాలే. క్షమించానని ఆమె అనలేదు. ఆ బుట్ట బరువుగా ఉంది, రెండో చెవి కూడా పట్టుకోమంది.

ఒకే గంగాళం

ఏరడం పూర్తయ్యేసరికి మంచి కాయలు మూడో వంతు కన్నా తక్కువ మిగిలాయి. మధ్యాహ్నానికి కత్తులు, బేసిన్లు పట్టుకుని అందరూ వచ్చారు. స్వాతి కూడా అత్తగారిని స్కూటీ మీద ఎక్కించుకుని వచ్చింది. అక్క గుమ్మంలో నిలబడి, ఎవరి తప్పూ ఎత్తకుండా, "లోడు నేను తెప్పించేను, పోయింది కూడా నా చేతిలోనే. ఇంటికి ముప్పై వస్తాయి. అంతే," అంది. బావగారు వెనకనుంచి, "టార్పాలిన్ నాది," అన్నారు. నేనూ నోరు తెరవబోయాను. అక్క అననివ్వలేదు, నా కాలు తొక్కింది.

ముప్పై కాయలంటే ఆవకాయకు సగం జాడీ కూడా కాదు. కొందరు చీట్లు వేద్దామన్నారు. ఇద్దరు, మాకు వద్దులే, మీరు పంచుకోండన్నారు. ఆ 'వద్దులే' వచ్చే ఏడాదికి కూడా వర్తించేలా వినిపించింది. అప్పుడు గ్రేస్ గారు తన కత్తి కింద పెట్టింది.

"ముప్పై కాయలకి ఇరవై రెండిళ్ళలో ఇరవై రెండు రకాల నూనెలెందుకు? క్రిస్మస్‌కి మా చరోదా క్వార్టర్స్‌లో కేకంతా ఒకే డేకిసాలో కలిపీవాళ్ళం. ఇదీ ఒక్కచోట కలిపీద్దాం."

అక్కడ మొదలైంది అసలు గొడవ. నలభై ఏళ్ళుగా ఒకరి ఆవకాయ ఒకరికి రుచి చూపించి, మెచ్చుకుని, ఇంటికి వెళ్ళి పెదవి విరిచినవారు ఒకే కొలతకు ఒప్పుకోవాలి. వెల్లుల్లి ఉండాలని గ్రేస్ గారు, వాసనే పడదని స్వాతి అత్తగారు. మెంతులు పొడి చేయాలని ఒకరు, గింజలుగా వేయాలని ఒకరు. శెనగలు వేస్తే అది ఆవకాయే కాదని బావగారు. ఆయనను ఎవరూ అడగలేదు.

అక్క ఒక్కొక్కటిగా వదులుకుంది. తన కొలత గురించి ఇన్నేళ్ళు నా దగ్గర గొప్పలు చెప్పిన మనిషి, "వెల్లుల్లి వద్దు. కావలసినోళ్ళు ఇంట్లో వేసుకోండి. మెంతులు మీ ఇష్టం," అంది. ఉప్పు దగ్గర మాత్రం నన్ను చూసింది. అనుమానపు కాయ కాబట్టి ఉప్పు మామూలుకన్నా ఒక పాలు ఎక్కువ పడాలని, నూనె ముక్క మీదికి తేలాలని చెప్పాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను సరైన సమయానికి చెప్పిన మాట అదొక్కటే.

కలపడానికి అక్క చేయి చాపింది. గ్రేస్ గారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"నేను కలుపుతాను. చెడిపోతే అది గ్రేస్ చేతి గుణమని చెప్పండి. విజయనగరంవాళ్ళు మా వైజాగ్ చేతిని ఎప్పుడు మెచ్చుకున్నారు గనక."

అందరూ నవ్వారు. అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. ఆవపిండి ఘాటు వల్ల కళ్ళు మండాయని తరువాత చెప్పింది. ఆ ఘాటు వల్ల కళ్ళలో నీరు రావడం సాధ్యమే కాబట్టి ఆ మాటను నేను ఖండించను. అయితే ఆ రోజు నేను అసూయపడింది మొదటి రాశి కాయలకు కాదు, తురాయి చెట్లకు కాదు. నా మణికట్టును అలా పట్టుకుని ఆపేవారు విజయనగరంలో ఎవరున్నారని చాలాసేపు ఆలోచించాను. పేరు తట్టలేదు.

మెత్తబడిన కాయలు వృథా కాలేదు. రెండు బుట్టలు సుఖ్‌బతి పట్టుకెళ్ళి మనిషికింతని తన పల్లెవాళ్ళకు పంచింది. మరునాడు ఒక సంచి టమాటా అక్క గేటుకు తగిలించి వెళ్ళింది. మిగిలినవాటితో మామిడికాయ పప్పు, పులిహోర, తురుము పచ్చడి. స్వాతి పప్పు మూడుసార్లు వడ్డించుకుంది. ఇందులో బెల్లం పడిందా అని అడిగింది. పడలేదు, కాయే తీపి తిరిగింది.

తిరుగు రైలు

ఆవకాయ మూడో రోజున తిరగ కలిపి జాడీలకెత్తుతారు. నా టికెట్టు రెండో రోజుకే ఉంది. బయలుదేరే ముందు అక్క వంటింట్లో ఒక చిన్న జాడీ చూపించి, ఇది నీ వాటాకు ఉంచుతాను, గ్రేస్ కొడుకు వచ్చే నెల వైజాగ్ వెళ్తన్నాడు, పంపిస్తానంది. ఇరవై రెండు వాటాలే తక్కువగా ఉన్నాయి, ఇరవై మూడోది వద్దన్నాను. ఆమె బలవంతం చేయలేదు.

"వచ్చే ఏడాది లోడు పెడతారా?" అని అడిగాను.

"వానలు వెళ్ళాక జాడీ తీసి ముక్క చూస్తారు. గట్టిగా ఉంటే అందరూ ఉంటారు. మెత్తబడితే స్వాతి యాప్ ఉన్నాది," అంది.

ఇది రాస్తున్నది ఆషాఢంలో. అక్కను ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్లో అడిగాను. నాలుగుసార్లూ "బాగున్నాది" అంది. నలభై ఏళ్ళలో ఆమె దేని గురించీ వేరే మాట చెప్పలేదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. గ్రేస్ గారిని అడిగితే, "మీ అక్క ఏం చెప్పింది? అదే," అంది. కనుక ఆ లోడు వచ్చే వేసవిలో కదులుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉప్పు, పులుపు, నూనె కొలిచి ముక్క ఎన్నాళ్ళు నిలుస్తుందో అంచనా కట్టే పద్ధతులు నాకు తెలుసు. కాని కొలవడానికి ముక్క కావాలి. నా వాటా నేనే వద్దన్నాను. ఈసారికి అక్క చెప్పినదాన్ని నమ్మడం తప్ప నాకు వేరే పద్ధతి లేదు.